గూడూరు–చీరాల లైనులో ఒక ఫుట్‌బాల్ లీగు

మా వైపు ఫుట్‌బాల్ టోర్నమెంటు ఎట్లా జరుగుతుందో ఆడినవాళ్లకు తెలుసు. సంక్రాంతికో, ఊళ్లో ఎవరో పెద్దాయన జ్ఞాపకార్థమో పదహారు జట్లను పిలుస్తారు. ఎంట్రీ ఫీజు కట్టించుకుని, చీట్లు తీసి డ్రా వేస్తారు. మొదటిరోజు ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తాడు. వరసగా నిలబడ్డ జట్లన్నిటికీ చేతులిచ్చి, బంతిని ఒక్క తన్ను తన్ని, ఫోటో సరిగ్గా రాలేదంటే ఇంకో తన్ను తన్ని వెళ్తాడు. పోయిన ఆ గంటన్నరను ఆటలోంచి కోస్తారు. ఒక్కో హాఫ్ ఇరవై నిమిషాలవుతుంది. రెండోరోజు పొద్దుగూకేసరికి ఎనిమిది జట్లు కిట్లు సర్దుకుని బస్సెక్కి ఉంటాయి. నెలరోజులు ప్రాక్టీసు చేసి, నలభై నిమిషాలు ఆడి, టైబ్రేకర్‌లో ఓడిపోయిన పిల్లలు కూడా వాళ్లలో ఉంటారు. వాళ్లకు మళ్లీ మ్యాచ్ అంటే వచ్చే సంక్రాంతే.

లెక్క చూడండి. పదహారు జట్ల నాకౌట్‌లో జరిగేవి మొత్తం 15 మ్యాచ్‌లు. కప్పు ఎత్తిన జట్టు కూడా ఆడేది నాలుగే. అదే ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడే లీగు పెడితే 56 మ్యాచ్‌లు జరుగుతాయి. అట్టడుగున మిగిలిన జట్టు కూడా 14 ఆడుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫుట్‌బాల్ ఎందుకు ఎదగలేదని ఎవరినడిగినా గ్రౌండు లేదంటారు, స్పాన్సర్ లేడంటారు, పిల్లలు క్రికెట్ వదలరంటారు. లేనివి మ్యాచ్‌లు అని నేనంటాను. మిగతావన్నీ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

నాకౌట్‌తో ఇంకో చిక్కుంది. ఓడితే ఇంటికే గనక ఎవరూ కొత్త కుర్రాణ్ని దించరు. క్యాష్ ప్రైజు పెద్దదైతే మద్రాసు నుంచో గుంటూరు నుంచో ముగ్గురు బయటి ప్లేయర్లను మాట్లాడుకొస్తారు. ఊరి పేరున్న జెర్సీ వాళ్లు తొడుక్కుంటారు, ఊరి పిల్లలు గట్టున కూర్చుని మంచినీళ్ల సీసాలు అందిస్తారు. నేను కావలివాణ్ని, ఉద్యోగం నెల్లూరులో, ఆదివారాలు పిల్లలతో కలిసి బంతి తంతుంటాను. ఆ గట్టు మీద కూర్చునే పదిహేనేళ్ల పిల్లల్ని చూసీ చూసీ నాకు కప్పు పోటీల మీద మమకారం పోయింది. వాళ్లలో కాళ్లు కుదిరినవాడు ఒకడున్నా, వాడు మ్యాచ్‌లో ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు, వాడికే తెలియదు.

అసలు లీగు అనే ఆలోచన పుట్టిందే ఇట్లాంటి విసుగులోంచి. ఇంగ్లండులో 1885లో ఆటగాళ్లకు జీతాలివ్వడానికి అనుమతి వచ్చింది. జీతాలివ్వాలంటే గేటు దగ్గర డబ్బు రావాలి, డబ్బు రావాలంటే చెప్పిన రోజున మ్యాచ్ జరగాలి. కానీ శనివారం ఆట ఉందని ఊరంతా చెప్పుకున్నాక అవతలి జట్టుకు అదే రోజు ఏదో కప్పు మ్యాచ్ పడేది, వచ్చేది కాదు. ఆస్టన్ విల్లా క్లబ్బు వ్యవహారాలు చూసే విలియం మెక్‌గ్రెగర్ అనే బట్టల వ్యాపారికి ఇది భరించలేనిదైంది. కొన్ని జట్లు కలిసి, ఏడాది పొడుగునా ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో ముందే రాసుకుందామని 1888 మార్చిలో తోటి క్లబ్బులకు ఉత్తరాలు రాశాడు. సెప్టెంబరు 8న 12 క్లబ్బులతో ఆట మొదలైంది. ఆరు లాంకషైర్ వైపువి, ఆరు మిడ్‌లాండ్స్‌వి. లండను నుంచి ఒక్కటీ లేదు. శనివారం రైలెక్కి వెళ్లి, ఆడి, తిరిగి రాగలిగిన దూరాలు. మొదటి ఏడాది ప్రెస్టన్ నార్త్ ఎండ్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. గెలిస్తే ఎన్ని పాయింట్లు, డ్రా అయితే ఎన్ని అనేది సీజన్ మొదలై రెండు నెలలు దాటాక, నవంబరులో గానీ తేల్చుకోలేదు. మొట్టమొదటి ఫుట్‌బాల్ లీగు పాయింట్ల పద్ధతి లేకుండానే మొదలైందన్నమాట. బైలాలు ఇంకా తయారుకాలేదని రెండేళ్లు మీటింగులు పెట్టుకునే మన కమిటీలకు ఈ సంగతి పటం కట్టించి ఇవ్వాలి.

మన దేశానికి ముందు వచ్చింది కప్పు. అదే 1888లో సిమ్లాలో డ్యూరాండ్ మొదలైంది, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు, 1893లో కలకత్తాలో ఐఎఫ్‌ఏ షీల్డు. లీగు 1898లో కలకత్తాలో వచ్చింది, అదీ తెల్లవాళ్ల జట్ల కోసం. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1తో ఓడించి షీల్డు గెలిచిందని పాఠాల్లో చదువుకున్నాం. అంత గెలిచినా లీగు మొదటి డివిజన్‌లో చోటు దొరకడానికి ఇంకో మూడు నాలుగేళ్లు పట్టింది, దొరికాక కూడా అక్కడ భారతీయ జట్లు రెండుకు మించకూడదని కట్టడి ఉండేది. ఒక్కరోజు బాగా ఆడి షీల్డు పట్టుకుపోతే దొరలు ఓర్చుకున్నారు. ఏడాది పొడుగునా తమతో సమానంగా పట్టికలో కూర్చుంటామంటే ఓర్చుకోలేకపోయారు. లీగు బలం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. 1934లో మొహమ్మడన్ స్పోర్టింగ్ ఆ లీగును గెలిచి, వరసగా ఐదేళ్లు వదల్లేదు.

తెలుగువాళ్లకు ఫుట్‌బాల్ రాదనేవాళ్లకు హైదరాబాదు గుర్తు చేస్తే చాలు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ చేతిలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ హైదరాబాదు నుంచి వెళ్లిన తులసీదాస్ బలరామ్ పేరు మోగింది ఎక్కడ? కలకత్తాలో, ఈస్ట్ బెంగాల్‌కు ఆడుతూ. హైదరాబాదీ హబీబ్ మొనగాడైంది ఎక్కడ? కలకత్తా మూడు పెద్ద క్లబ్బుల్లోనూ. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో గోలు కొట్టినప్పుడు ఆయన ఒంటి మీద ఉన్నది మోహన్ బగాన్ జెర్సీ. హైదరాబాదులో ఆట నేర్పేవాళ్లున్నారు, పోలీసులోనో మరోచోటో ఉద్యోగమూ దొరికేది. వారం వారం వేలమంది చూసే లీగు మాత్రం కలకత్తాలో ఉంది. 1963లో రహీమ్ సాబ్ పోయాక ఆ ఊరి ఫుట్‌బాల్ మెల్లగా పలచబడడానికి కారణాలు చాలానే చెబుతారు. నాకు మాత్రం ఒక మనిషి మీద, కొన్ని కప్పుల మీద నిలబడ్డ ఆటకు ఇంతకంటే ఆయుష్షు ఉండదనిపిస్తుంది.

ఇక మిజోరం. దీన్ని గురించి నిదానంగా చెప్పాలి, నా వాదనకు ఆయువుపట్టు ఇదే.

2011 జనాభా లెక్కల్లో మిజోరం రాష్ట్రం మొత్తం కలిపి 10.97 లక్షలు. అదే లెక్కల్లో నెల్లూరు జిల్లా 29.6 లక్షలు, ప్రకాశం 33.97 లక్షలు. ఆ రాష్ట్రాలు దగ్గరదగ్గర ఆరు కలిస్తే మన రెండు జిల్లాలు. రాజధాని ఐజ్వాల్ జనాభా అప్పటికి మూడు లక్షల లోపు, నెల్లూరు నగరం అంతకంటే చాలా పెద్దది. అక్కడ ఫుట్‌బాల్ గ్రౌండు కావాలంటే కొండను తొలచి చదును చెయ్యాలి. మనకు పెన్న ఒడ్డు నుంచి సముద్రం దాకా చదునే. డబ్బు సంగతికొస్తే, మన రొయ్యల చెరువులూ గ్రానైటు క్వారీలూ ఉన్న సీమకు వాళ్లతో పోలికే లేదు.

ఆట మీద ప్రేమ వాళ్లకు ముందునుంచీ ఉంది. టాటా ఫుట్‌బాల్ అకాడమీలో తయారై ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకున్న శైలో మల్సామ్‌త్లుఆంగా ఆ కొండల పిల్లలకు మొదటి పెద్ద హీరో. ఒక హీరో వస్తే పది మంది పిల్లలు రాష్ట్రం దాటి వెళ్తారు, వెళ్లారు కూడా. ఊళ్లో ఆట నిలబడింది మాత్రం 2012లో, మిజోరం ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక. ఎనిమిది క్లబ్బులు. చాలావాటికి పేటల పేర్లే. చన్మారి ఒకటి, దింథార్ ఒకటి, లుఅంగ్‌మువల్ ఒకటి. టైగర్లూ వారియర్లూ కింగ్‌లూ లేరు. మ్యాచ్‌లను చూపించింది జోనెట్ అనే స్థానిక కేబుల్ చానెల్. దేశమంతా తెలిసిన స్పోర్ట్స్ చానెల్ ఏదీ ఆ పక్కకు తొంగి చూడకపోయినా వాళ్లకు లోటు కాలేదు. మన లోకల్ చానెల్లో పెళ్లిళ్ల శుభాకాంక్షలూ, కొత్త చీరల దుకాణం ప్రారంభోత్సవాలూ రోజంతా తిప్పి తిప్పి వేస్తారు చూడండి, అట్లాంటి చానెల్ ఒకటి అక్కడ సాయంత్రం పూట చన్మారి, దింథార్ ఆడుకోవడం చూపించింది. జనం తమ పేట కుర్రాడి ముఖం టీవీలో చూశారు. మర్నాడు ఆ కుర్రాడు బజారుకు పోతే గుర్తుపట్టారు.

తర్వాత జరిగింది ఇది. 2014లో మిజోరం మొదటిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది, సిలిగురిలో రైల్వేస్ మీద 3–0తో. ఐజ్వాల్ ఎఫ్‌సీ రెండో డివిజన్ దాటి, అప్పట్లో దేశపు పై లీగు అయిన ఐ–లీగ్‌లోకి వచ్చింది. మొదటి ఏడాదే కిందికి జారిపోయింది. ఇంతలో గోవా క్లబ్బులు కొన్ని తప్పుకోవడంతో ఖాళీలు వచ్చి, వీళ్లను మళ్లీ రానిచ్చారు. ముంబయిలో కోచ్ ఉద్యోగం పోగొట్టుకున్న ఖాలిద్ జమీల్‌ను తెచ్చుకున్నారు. పెద్ద క్లబ్బులు వద్దనుకున్నవాళ్లూ, మిజో లీగులో ఆడి రాటుదేలినవాళ్లూ కలిసి జట్టయ్యారు. 2017 ఏప్రిల్ చివర ఇంటి దగ్గర మోహన్ బగాన్‌ను 1–0తో కొట్టి, ఆఖరి రోజు షిల్లాంగ్‌లో 1–1 డ్రాతో 37 పాయింట్లు దక్కించుకుని, మోహన్ బగాన్ కంటే ఒక్క పాయింటు ఎక్కువతో దేశ ఛాంపియన్లయ్యారు. మిజో లీగు మొదలై అప్పటికి అయిదేళ్లు నిండలేదు. ఆ ఖాలిద్ జమీల్‌ను 2025లో భారత జట్టుకు కోచ్‌గా పెట్టుకున్నారు.

అంతా లీగు పుణ్యమేనని నేననను. అదృష్టం ఉంది, ఖాలిద్ ఉన్నాడు, అప్పటికే మిజో పిల్లలు దేశంలో అన్ని క్లబ్బుల్లోనూ ఆడుతున్నారు. కానీ ఆ జట్టులోని కుర్రాళ్లకు పెద్ద గ్రౌండులో, రిఫరీ ముందు, జనం ముందు, కెమెరా ముందు ఆడిన అలవాటు ముందే ఉంది. మన రెండు జిల్లాల్లో అట్లాంటి అలవాటున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒక్కడుంటే చూపించండి, నా సొంత ఖర్చుతో మైపాడు బీచ్‌లో చేపల పులుసు భోజనం పెట్టిస్తాను.

కాలక్షేపానికి ఒక మాట. మిజో కొండలకు పందొమ్మిదో శతాబ్దం చివర వేల్స్ మిషనరీలు వెళ్లారు. సిపాయిల వెంటా, ఆ మిషను బళ్ల వెంటా ఫుట్‌బాల్ కొండలెక్కింది. మనకూ మిషనరీలు వచ్చారు. 1840లో నెల్లూరుకు శామ్యూల్ డే, 1866లో ఒంగోలుకు జాన్ క్లౌ. కాకపోతే వాళ్లు అమెరికా బాప్టిస్టులు. బళ్లూ ఆసుపత్రులూ కట్టారు గానీ ఆ దేశపు ఆట వేరు. వేల్స్ వాళ్లు ఒంగోలు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేనప్పుడప్పుడు ఊహించుకుంటాను. దీన్ని చరిత్ర అని ఎవరూ పట్టుకోకండి.

ఐజ్వాల్ కథ ముగింపు అంత బాగుండదు, దాన్ని దాచిపెడితే నా వాదన అబద్ధమవుతుంది. దేశ ఛాంపియన్లయినా వాళ్లను 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోకి తీసుకోలేదు. అప్పట్లో అందులోకి దారి ఆట కాదు, ఫ్రాంచైజీ డబ్బు. కింద గెలిచిన జట్టు పైకి పోయే పద్ధతి చాలా ఏళ్ల తర్వాత వచ్చింది, 2024లో మొహమ్మడన్ స్పోర్టింగ్ అట్లాగే పైకి పోయింది. ఇక మనకు దగ్గరిది హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుణె క్లబ్బు మూతబడితే ఆ చోటులో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన ఆ రాత్రి మా గ్రూపులో ఎవరూ నిద్రపోలేదు. మూడేళ్లు తిరిగేసరికి, 2025లో, క్లబ్బు ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. అదే ఏడాది దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కూ లీగు నడిపే కంపెనీకీ మధ్య 15 ఏళ్ల ఒప్పందం గడువు తీరబోతూ, ఐఎస్‌ఎల్ మొత్తం సమయానికి మొదలుకాకుండా ఆగింది. నారు పోయకుండా కోత మిషను తెచ్చి గట్టున నిలబెడితే ఇట్లాగే ఉంటుంది. చన్మారిని ఢిల్లీకి తీసుకుపోవడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే చన్మారి ఒక పేట.

కేరళ సంగతి తెచ్చి నన్ను ఇరుకున పెట్టేవాళ్లుంటారు. మలబారులో సెవెన్స్ ఫుట్‌బాల్ ఉంది. జట్టుకు ఏడుగురు, ఆఫ్‌సైడ్ లేదు, ఫ్లడ్‌లైట్లు, వెదుళ్లూ పోకచెట్ల మానులతో కట్టిన గ్యాలరీలు, ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్లు, రాత్రికి వేలమంది జనం. అదంతా నాకౌట్ టోర్నమెంట్ల లోకమే, దశాబ్దాలుగా కళకళలాడుతోంది. ఒప్పుకుంటాను. కానీ అక్కడ సీజనంతా ఊరి తర్వాత ఊరు టోర్నమెంటు నడుస్తూనే ఉంటుంది, ఒక ఊళ్లో ఓడిన జట్టు వచ్చే వారం పక్క ఊళ్లో ఆడుతుంది. దండలా గుచ్చిన నాకౌట్లు లీగు పనే చేస్తున్నాయి. మనకున్నవి ఏడాదికి రెండు మూడు. పైగా అంత సెవెన్స్ ఉన్న కేరళ కూడా 2024లో ఆరు జట్లతో సూపర్ లీగ్ కేరళ పెట్టుకుంది, కాలికట్ మొదటి కప్పు గెలిచింది. గ్యాలరీల మాటకొస్తే, 2022లో మలప్పురం జిల్లాలో అట్లాంటి గ్యాలరీ కూలి వందకు పైగా దెబ్బలు తిన్నారు. గ్యాలరీ కట్టే సరదా ఉన్నవాళ్లు అది కూడా గుర్తుంచుకోవాలి.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే అనంతపురం ఉంది. విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అక్కడ క్రీడాగ్రామం కట్టి, స్పెయిన్ లా లిగా వాళ్ల సాయంతో పల్లెపిల్లలకు, ఆడపిల్లలకు కూడా, లీగు పద్ధతిలో ఫుట్‌బాల్ ఆడిస్తూ వచ్చింది. వాన పడని అనంతపురంలో సాధ్యమైంది, కాలవలు పారే మనకు ఎందుకు కాదో ఎవరైనా చెప్పాలి.

ఇప్పుడు నా ప్రతిపాదన. జిల్లా గీతలు పక్కన పెట్టి, రైలుపట్టా పట్టుకుందాం. మద్రాసు–విజయవాడ మెయిన్ లైను మీద గూడూరు, నెల్లూరు, బిట్రగుంట, కావలి, సింగరాయకొండ, ఒంగోలు, చీరాల. నెల్లూరుకు రెండు జట్లు ఇస్తే ఎనిమిది. ఈ కొస నుంచి ఆ కొసకు రెండొందల కిలోమీటర్లు. ఎవరైనా పొద్దున మెము రైలు ఎక్కి పోయి, ఆడి, రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. లాడ్జి ఖర్చు లేదు, వ్యాను మాట్లాడే పని లేదు. బిట్రగుంట లాంటి చోట్ల ఇంజన్ల షెడ్డు రోజుల నాటి రైల్వే కాలనీ ఉంది, కాలనీ అంటే ఎంతో కొంత ఖాళీ జాగా ఉన్నట్టే. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది.

గూడూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, చీరాల బాపట్లలోకి పోయింది కదా అంటారు. 2022లో పోయాయి, నిజమే. కందుకూరు కథ ఇంకా బాగుంటుంది. 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ ఏడు ఒంగోలు జిల్లా పుట్టాక అందులోకి, 2022లో మళ్లీ నెల్లూరులోకి. కలెక్టరాఫీసు ఎటు మారినా కందుకూరు పిల్లాడు సింగరాయకొండలో రైలెక్కాల్సిందే. జట్టు స్టేషనుది అయితే గెజిట్‌తో పనిలేదు.

పడమటి వాళ్లను వదిలేశావేం అని కనిగిరిలో ఉన్న మా బావ అప్పుడే అలిగాడు. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు గుంటూరు–నంద్యాల లైనుంది. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు. అది ఇంకో లీగు, ఇదయ్యాక. కనిగిరికి మాత్రం నా దగ్గర జవాబు లేదు, బావ అలక తీర్చడం మా అక్క పని.

కాలెండరు వాతావరణాన్ని బట్టి రాయాలి. మనకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్న ఏం చేసిందో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు ఎంత కురిసిందో మరిచిపోలేదు గదా. మే నెలలో గ్రౌండు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. మిగిలింది సంక్రాంతి తర్వాత. ఎనిమిది జట్లకు 14 రౌండ్లు, వారానికి ఒకటి, రౌండుకు నాలుగు మ్యాచ్‌లు. జనవరి మూడో వారంలో మొదలుపెడితే ఏప్రిల్ మూడో వారానికి అయిపోతుంది. మధ్యలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు. వాటికోసం రెండు వారాలు ఆపితే మే మొదట్లోకి జరుగుతాం. ఎండ తగ్గాక సాయంత్రం కిక్కాఫ్ పెడితే అదీ నెగ్గుకు రావచ్చు. మొదటి ఏడాది అంత ధైర్యం లేకపోతే ఒకే చుట్టు ఆడదాం, ఏడు వారాలు, 28 మ్యాచ్‌లు. పదహారు జట్ల నాకౌట్ కంటే అప్పటికీ పదమూడు ఎక్కువే.

రిఫరీలే అసలు చిక్కు. మ్యాచ్‌కు ముగ్గురు చొప్పున 56 మ్యాచ్‌లకు 168 డ్యూటీలు. ఇప్పుడున్న పీడీ సార్లు (బళ్లో ఆటలు నేర్పేవాళ్లు) నలుగురైదుగురి మీద ఇంత బరువు వేస్తే మొదటి నెలకే చేతులెత్తేస్తారు. గ్రౌండు వదిలేసిన పాతికేళ్లవాళ్లను, ఆట మానిపించి ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలను పిలిచి, సెలవుల్లో పది రోజులు నేర్పించి, లైన్స్‌మెన్‌గా మొదలుపెట్టించాలి. ఆడపిల్ల జెండా పట్టుకుని ఆఫ్‌సైడ్ అంటే మన మగాళ్లు ఏం చేస్తారో చూడాలని నాకూ సరదాగా ఉంది.

డబ్బు విషయంలో నాది మొండిపట్టు. మొదటి మూడేళ్లు క్యాష్ ప్రైజు ఉండకూడదు. ఆ డబ్బు ఎనిమిది జట్లకు సమానంగా పంచి రైలు టికెట్లకు, బంతులకు, సున్నపు గీతలకు, రిఫరీ బత్తాకు వాడాలి. బహుమతి లేకపోతే బయటి ప్లేయర్లు రారు, గట్టు మీది పిల్లాడు గ్రౌండులోకి దిగుతాడు. దాతలు ఒప్పుకోరని అంటారు, నాన్నగారి పేరు కప్పు మీద ఉండాలిగా. గోల్‌పోస్టు మీద రాయిద్దాం. కప్పు బీరువాలోకి పోతుంది, గోల్‌పోస్టు 14 వారాలు అందరి కళ్లముందే ఉంటుంది.

వీటన్నిటికీ పైన ఒక మెట్ల వరస ఇప్పుడు ఉంది, మా చిన్నప్పుడు లేదు. రాష్ట్ర లీగు, 2023లో మొదలైన ఐ–లీగ్ 3, తర్వాత ఐ–లీగ్ 2, ఐ–లీగ్, ఐఎస్‌ఎల్. శ్రీనిధి దక్కన్ క్లబ్బు మొదట విశాఖ పేరు మీద అర్జీ పెట్టి, హైదరాబాదులో స్థిరపడి, ఐ–లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానంలో వచ్చింది. ఆంధ్రలో క్లబ్బు పెడదామనుకున్నవాళ్లు కూడా ఇక్కడ నిలబడలేదంటే, కిందిమెట్టు లేకపోవడం అందుకు ఒక కారణమని నా నమ్మకం. మాకు ఐ–లీగ్ అక్కర్లేదు ఇప్పుడే. కావలి, సింగరాయకొండ మీద ఎన్ని గోల్స్‌తో గెలిచిందో మర్నాడు టీ అంగడి దగ్గర తగువాడుకునేంత ఉంటే చాలు.

తగువు అయితే అప్పుడే మొదలైంది. ఇదంతా మా గ్రూపులో పెట్టాను. ఎనిమిది జట్లు సరే, నెల్లూరు రెండు జట్లకూ పేర్లేమిటి?

"ఒకటి మూలపేట, ఇంగ మాట్లాడే పన్లేదు."

"రంగనాయకులపేట ఏం పాపం చేసిందిరా?"

"వేదాయపాళెంలో స్టేషనే ఉండాది గదన్నా, మేం మెయిన్ స్టేషన్‌కి యాడికొస్తాం?"

అంతలో పెన్నకు అవతల నుంచి కోవూరు వాళ్లు వచ్చారు. "పడుగుపాడు స్టేషను మాది. నెల్లూరు పేరు మీద మేమాడం. మాకు తొమ్మిదో జట్టు ఇస్తారా లేదా?"

తొమ్మిదైతే ప్రతి వారం ఒక జట్టు ఖాళీగా కూర్చోవాలి, రెండు చుట్లు తిరగడానికి 18 వారాలు పడుతుంది. పదైనా అవే 18 వారాలు, ఎవరూ ఖాళీగా ఉండరు, మ్యాచ్‌లు 90. ఎండల్లోకి పోతాం గనక ఒకే చుట్టు ఆడి 45తో సరిపెట్టుకోవాలేమో. పదో జట్టుగా ఉలవపాడు వాళ్లు వస్తామంటున్నారు. మామిడికాయలు కోతకొచ్చే లోపల తమ మ్యాచ్‌లన్నీ అయిపోవాలట.